వేళ్ళకు దొరికిన గోదావరి

నేను ఒక గాజు తొట్టిని. గుండ్రని కడుపు, వెడల్పాటి మూతి. కొలిమి దగ్గర ఎవరో ఊదిన ఊపిరే నా ఆకారం. కాకినాడలో మాణిక్యాంబగారు నన్ను కొని నాలో రెండు ఎర్ర చేపల్ని వదిలారు. ఆరేళ్ళు వాటి కలలే నా కలలు. అవి పోయాక ఆవిడ నన్ను కడిగి అటక మీద బోర్లించారు.

నన్ను మళ్ళీ దింపింది ఆవిడ భర్త భీమశంకరంగారు. పాలిటెక్నిక్‌లో పనిచేసి రిటైరై, ఇంట్లో త్రీడీ ప్రింటరు పెట్టుకున్నారు. ప్లాస్టిక్ తీగను కరిగించి, పొర మీద పొర పేర్చి వస్తువులు చేసే యంత్రం అది. అంధుల బడిలో భూగోళం చెప్పే సువార్తమ్మగారి కోసం దాని మీద గోదావరి డెల్టా పటం చేశారు. ఆవిడకూ పుట్టుకతో చూపు లేదు. ముప్పై ఏళ్ళుగా ఆ నదిని నోటితోనే నేర్పుతున్నారు, దాని రూపాన్ని తాకి ఎరగరు. నెలాఖరుకి పదవీ విరమణ.

శంకరంగారు ఆ పటంలో సముద్రానికి ఎంతో శ్రద్ధగా నీలం రంగు కూడా వేశారు. చూపున్నవాళ్ళ మతిమరుపు అలాంటిది.

సువార్తమ్మగారు వేళ్ళు ఆనించి చాలాసేపు వెతికారు. "మాస్టారూ, ఎక్కడ ముట్టుకున్నా మెట్లే తగులుతున్నాయండి. ఇందులో నది ఏదండీ?"

అవి ప్లాస్టిక్ పొరల అంచులు. కంటికి ఆనని ఆ గీతలు ఆవిడ వేళ్ళకు వంద నదులు.

గోళ్ళ రంగు తుడిచే అసిటోన్ ఆవిరి తగిలితే ఆ రకం ప్లాస్టిక్ పైపొర మెత్తబడి నునుపు తేలుతుందట. అందుకే నాకు పిలుపొచ్చింది. శంకరంగారు నన్ను వరండాలో, అది ఇట్టే నిప్పంటుకునేది కనక పొయ్యికి దూరంగా పెట్టారు. అసిటోన్‌తో తడిపిన గుడ్డల్ని నా లోగోడలకు అయస్కాంతాలతో బిగించారు. మధ్యలో పటం నిలబెట్టి పైన స్టీలు పళ్ళెం మూశారు.

నీళ్ళు లేవు, అయినా నాలో ఏదో నిండసాగింది. పటం తడిసిన గులకరాయిలా మెల్లగా మెరిసింది. ఆ మెరుపులో నేనూ మైమరిచాను, కుర్చీలో ఆయనా కునుకు తీశారు. లేచేసరికి గట్లు కరిగి పాయలు పూడిపోయాయి.

"నేను ఆరేళ్ళు చేపల్ని సాకాను. మీరు ఒక్కపూటలో నదినే మింగేశారు," అన్నారు మాణిక్యాంబగారు. "ఈసారి నేను కూర్చుంటాలెండి."

కొత్త పటం తయారయ్యాక అన్నంత పనీ చేశారు. ఒకప్పుడు చేపల్ని చూసినట్టే నాలోకి కన్నార్పకుండా చూశారు. గీతలు మాయమై గట్లు ఇంకా నిలిచి ఉండగానే, "తీసెయ్యండి!" అన్నారు.

వాసన పోయేదాకా ఆరబెట్టాక సువార్తమ్మగారు వచ్చారు. ఆవిడ వేలు ధవళేశ్వరం దాటి, పడమటి పాయ వెంట జారి, ఒకచోట ఆగింది.

"వశిష్ఠండి అది," అన్నారు శంకరంగారు.

"ఇదా? నా వేలి కింద ఇమిడిపోయిందేంటండీ! మా అమ్మ ఒళ్ళో కూర్చుని పడవ మీద దాటుతుంటే, ఎంతసేపటికీ అవతలి ఒడ్డు వచ్చేది కాదు."

వేలు తీయలేదు.

ఇప్పుడు నా గాజు కాస్త మసకబారింది. వరండా మూల ఖాళీగా ఉంటాను. ఆవిడ చివరి పాఠం వినే భాగ్యం నాకు లేకపోయింది. బడి నుంచి వచ్చిన శంకరంగారు భార్యతో అన్నారు: "ఆవిడ ఇవాళ పాఠమే చెప్పలేదే. పటం పిల్లల చేతికిచ్చి, పక్కన కూర్చుని వాళ్ళు చెప్పేది వింటూ ఉండిపోయింది."