నచ్చిన నంబరు

నేనేం చదువుతున్నానో మా బాపు సదయ్య ఈ రెండేళ్లలో ఒక్కసారి కూడా పూర్తిగా చెప్పలేదు. ఎవరడిగినా "హెల్త్‌ల పీజీ చేస్తున్నది" అనేవాడు. అబద్ధం కాదు, ముందున్న ఒక్క మాట మింగేసేవాడంతే. లైంగిక ఆరోగ్యం అని నేను విప్పి చెబితే మా కాలనీ ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు, మగవాళ్లు చెప్పులు వెతుక్కునేవారు. గోదావరిఖని గోడల మీద గుప్తరోగాల పోస్టర్లు మాత్రం ఆగి మరీ చదువుతారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

అంతకుముందు ఎనిమిదేళ్లు ఒక ప్రైవేటు క్లినిక్‌లో నర్సుగా చేశాను. షుగరు చూపించుకోవడానికి వచ్చిన బొగ్గుబాయి కార్మికులు, డాక్టరు చీటీ రాసిచ్చాక గుమ్మం దాకా వెళ్లి ఆగేవారు. "ఇంకోటి ఉన్నది సిస్టర్" అనేవారు. నేను తలెత్తేసరికి "ఏం లేదులే" అని వెళ్లిపోయేవారు. ఆ ఇంకోటి ఏమిటో అడగడం నేర్పే చదువు ఉందని తెలిసి హైదరాబాద్‌లో చేరాను. పీజీ చివర్లో పరిశోధన చేయాలి. మూడు షిఫ్టుల్లో పనిచేసే బొగ్గుబాయి కార్మికుల దాంపత్య ఆరోగ్యం మీద చేస్తానన్నాను. మా గైడు మేడమ్ సంతోషించింది. బాపు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అయినా మనుషులను తెచ్చింది ఆయనే. "సదయ్య బిడ్డ ఏవో అడుగుతదట, జెర పోయి రండ్రి" అని బాయిలో తనతో పనిచేసిన పాత తోటివాళ్లకు చెప్పాడు. పద్నాలుగు మంది వచ్చారు. ఒక్కొక్కరినీ వేరువేరుగా కూర్చోబెట్టి మాట్లాడాను. పేర్లు రాయలేదు. మూడు నెలల తర్వాత మళ్లీ అడిగినప్పుడు ఎవరి కాగితం ఎవరిదో కలపాలి కాబట్టి, "మీకు నచ్చిన నాలుగంకెల నంబరు ఒకటి వేసుకోండి" అన్నాను. ఒక్కరూ ఆలోచించలేదు, టకటకా వేశారు. ఎంత తొందరగా కలిసిపోయారో అని మురిసిపోయాను. నా మొహం.

వాళ్లలో నర్సింగం కాక ఒకడు. నలభై ఏడేళ్లు, బాపు దగ్గర పని నేర్చుకున్న మనిషి, మాకు మూడు వీధుల అవతల క్వార్టర్. అరగంట సేపు కరెంటు బిల్లు గురించి మాట్లాడి, ఆ తర్వాత చెప్పాడు.

"ఆరేండ్లైంది బిడ్డ, మీ చిన్నమ్మ దగ్గరికి పోక. నాతోని కాదు."

"షుగరెప్పటి నుంచి ఉన్నది కాకా?"

"గది వచ్చినంకనే గిట్లైంది. ఆమెకు నేను ఇంకెవ్వలతోనో ఉంటున్ననని అనుమానం. రామగిరిల ఎవ్వలో ఉన్నదనుకుంటది. నేను కాదనలె."

"ఎందుకు అనలేదు?"

"కాదంటె మరేంది అని అడుగుతది గదా. దానికేం చెప్పాలె? ఇంకో ఆడామె ఉన్నదంటె తిడుతది, ఏడుస్తది. మొగోడనైతె అంటది గదా."

అది షుగరు వల్ల చాలామందికి వస్తుందని, మందులున్నాయని, కరీంనగర్‌లో డాక్టరు దగ్గరికి నేనే పంపిస్తానని చెప్పాను. ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. "చూద్దాం" అన్నాడు. పోయేముందు మాత్రం నా దగ్గర మాట తీసుకున్నాడు. ఎవరికి తెలిసినా సరే, మీ చిన్నమ్మకు తెలియొద్దు అన్నాడు. నేను చదివినదంతా ఆ మాట మీదే నిలబడింది. సరేనన్నాను.

తెలుసుకున్నది ఎవరి దగ్గర తెలుసుకున్నామో వాళ్లకే ముందు చెప్పాలి అన్నది మేడమ్ పట్టు. కాలనీ కమ్యూనిటీ హాల్లో ఒక ఆదివారం సభ పెట్టాను. ఎనభై మంది దాకా వచ్చారు, ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు. షుగరు, నిద్ర, రాత్రి డ్యూటీ గురించి చెప్పాను. బాగానే విన్నారు. తర్వాత తెర మీద ఒక కార్మికుడి మాటలు వేశాను. "ఆరేళ్లుగా నా భార్య దగ్గరికి పోలేకపోతున్నాను. నాకు ఇంకొక ఆమె ఉందనుకుంటోంది. అనుకోనీ, అదే నయం." కింద పేరు లేదు. ఆయన వేసుకున్న నంబరు ఉంది, 1187.

మగవాళ్ల వైపు ఉన్న తలలన్నీ ఒక్కసారిగా మూడో వరుస వైపు తిరిగాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. యూనియన్ లీడర్ ఉపేందర్ పక్కవాడితో అన్నాడు, మెల్లగా అన్నాననుకున్నాడు కానీ హాలంతా వినబడింది. "గిది నర్సింగం లైటు నంబరు గదా."

బాయిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక లైటు నంబరు ఉంటుంది. షిఫ్టుకు ముందు లాంప్ రూమ్ కిటికీ దగ్గర ఆ నంబరు చెబితే టోపీకి పెట్టుకునే లైటు ఇస్తారు. లోపల ఏదైనా జరిగితే, ఏ లైటు తిరిగి రాలేదో చూసి ఎవరు పైకి రాలేదో తెలుసుకుంటారు. ఆ రోజు ఇంటికి వచ్చి బాపును అడిగాను. "బాపూ, ఏదన్న ఒక నంబరు చెప్పు, నాలుగంకెలు." టీవీ మీంచి చూపు తిప్పకుండానే "రెండువేల పద్నాలుగు" అన్నాడు. అది ఆయన లైటు నంబరు, రిటైరై తొమ్మిదేళ్లయినా నోట్లోనే ఉంది. చెప్పాక ఆయనకే అర్థమై నా వైపు తిరిగాడు. నాకు ఏడుపొచ్చింది. బయటివాడైతే తెలియక చేశాడనుకోవచ్చు. బాయి మనిషి బిడ్డనై ఉండి చేశాను.

నర్సింగం కాక మర్నాడు డ్యూటీకి వెళ్లాడు. కిటికీ దగ్గర నంబరు చెప్పగానే వెనక వరుసలో దగ్గులు. రెండో రోజు దగ్గులు, ఈలలు. మూడో రోజు నుంచి నాగా పెట్టాడు. పదకొండో రోజు పొద్దున మా ఇంటికొచ్చాడు. గడ్డం పెరిగింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నేను గా నంబరు నోటితోని చెప్పలేకపోతున్న బిడ్డ. చెప్పకుంటె లైటియ్యరు. లైటు లేకుంటె డ్యూటీ లేదు. ఇంకిన్ని నాగాలైతె చార్జిషీటిస్తరు."

"నేనేం చెయ్యాలె కాకా? ఏదన్న చేస్త."

"గదంతా నువ్వే రాసుకున్నవని చెప్పు. నర్సింగం నాకేం చెప్పలేదని, గా నంబరు నువ్వే వేసినవని. అందరి ముంగట."

మేడమ్‌కు ఫోన్ చేశాను. ఆమె జరిగిందంతా చెప్పించుకుని విన్నది. చివరికి, "కల్పించి రాశానని నలుగురిలో చెబితే ఆ పరిశోధన ఇక్కడ చెల్లదు, సంతోషీ. ఈ రోజుల్లో ఫోన్లో తీయనిది ఏముంది? డిగ్రీ పోతుంది. మళ్లీ ఎక్కడా తీసుకోరు" అంది. నిజం పరిశోధనలు చూసే కమిటీకి చెప్పుకోవచ్చు కదా అన్నాను. "అప్పుడు ఆయన పేరు కాగితం మీదికి ఎక్కుతుంది" అంది. ఎక్కనివ్వలేను. నాకు రెండేళ్ల చదువు మీద ప్రేమ ఉంది, దాచుకోను. ఫోన్ పెట్టేశాక గుండె రాయి చేసుకోవడానికి ఒక పూట పట్టింది.

మొదటి షిఫ్టు ఎక్కే వేళ బాయి గేటు దగ్గర యూనియన్ మీటింగ్ జరిగింది. ఉపేందర్ నాకు మైకు ఇచ్చాడు. తన నోటి దూలకు వాడికీ సిగ్గుగానే ఉన్నట్టుంది. రెండు వందల మంది ముందు చెప్పాను. "మార్కుల కోసం గా మాటలు నేనే రాసిన. నర్సింగం కాక నాకేం చెప్పలె. నంబరు నా నోటికొచ్చింది వేసిన. మాఫ్ చెయ్యుండ్రి."

ఒక్క క్షణం కూడా ఎవరూ అనుమానపడలేదు. "మాకెర్కనే, ఇసొంటి సర్వేలన్ని ఉత్తయే" అన్నాడొకడు. "సదయ్య ఇజ్జత్ తీసినవు గదా పిల్లా" అన్నాడు ఇంకొకడు. నవ్వుకుంటూ లాంప్ రూమ్ వైపు నడిచారు. నర్సింగం కాక కిటికీ ముందు నిలబడి నంబరు చెప్పాడు. ఎవరూ దగ్గలేదు. లైటు టోపీకి తగిలించుకుని నా వైపు చూడకుండా లోపలికి పోయాడు. నాకు అవమానంగా ఉంది, తేలికగానూ ఉంది. ఒక మనిషిని నిలబెట్టాను కదా అనుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత, కాక డ్యూటీలో ఉన్న వేళ చూసుకుని సారవ్వ చిన్నమ్మ వచ్చింది. ఆయన భార్య. వంటింట్లో నా పక్కనే కింద కూర్చుంది. చాయ్ ఇస్తే పక్కన పెట్టింది.

"హాల్ల గా మాటలు చదివిననాడు అందరు నన్ను చూసి పాపం అన్నరు బిడ్డ. నేనైతె ఆ రాత్రి ఆరేండ్లకు నిద్రపోయిన. ఇంకొకామె లేదు. నేను ముసలిదాన్నయిననని కాదు, నల్లగున్ననని కాదు. రోగం. రోగమైతె దవాఖానకు పోవచ్చు గదా."

నేను గ్యాస్ కట్టేశాను.

"ఆయనకిష్టమని చేపలు వండిన. పక్కకు కూసొని తినిపించిన. దవాఖానకు పోదామంటె ఊఁ అన్నడు. మరి గేటు కాడ నువ్వు గట్ల చెప్పినవట. ఇంటికొచ్చి, విన్నవా, అంతా అబద్ధమేనట అన్నడు. మళ్ల నన్నిడిసి ముందటి అర్రల పండుకుంటున్నడు."

"కాకనే అడుగు చిన్నమ్మా."

"అడిగిన. నువ్వు చెప్పిన మాటే చెప్పిండు." ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఎవ్వలకు చెప్ప. నాకొక్కదానికి చెప్పు. గది ఆయన చెప్పిండా, నువ్వు రాసినవా?"

ఒకసారి ఆయన గుట్టు తెలియక బయట పెట్టాను. ఇప్పుడు తెలిసి పెట్టాలి, అదీ ఎవరికి తెలియొద్దన్నాడో ఆమెకే. ఆయన్ని మళ్లీ ఆ కిటికీ ముందు నిలబెట్టినట్టే అవుతుంది. చెప్పకపోతే ఈమె ఏమనుకుంటుందో నాకు తెలుసు. ఆమె చెయ్యి నా చేతిలోనే ఉంది, కూరగాయలు తరిగిన గాట్లతో గరుకుగా. నేను నేల వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆమె నా చెయ్యి వదిలేసింది.

"అయితె ఇంకొకామె ఉన్నదన్నట్టే" అంది. చాయ్ గ్లాసు తీసుకుని, చల్లారిన చాయ్ మొత్తం తాగి, గ్లాసు కడిగి బోర్లించింది. "రామగిరిలనే ఉంటదా, తెల్సా నీకు?"