పదకొండు మచ్చల గోడ

ముందు గోడ మీద పదకొండో రంగు మచ్చ పడిన రోజున జమునకు ఓపిక అయిపోయింది.

ఇల్లు కొత్తది. గోదావరిఖని చివర, ఈ మధ్యనే ప్లాట్లు పడిన చోట కట్టుకున్నారు. లోపలి పనంతా అయింది. గృహప్రవేశానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. బయటి గోడకు మాత్రం రంగు తేలలేదు. పెయింటర్ బిక్షం వచ్చినవాళ్ళందరి మాటా విని, అడిగిన ప్రతి రంగునూ జానెడు వెడల్పున గోడకు పూసి, కింద పెన్సిలుతో నంబరు వేస్తూ పోయాడు. రోడ్డు మీది నుంచి చూస్తే గోడకు తామర పట్టినట్టుంది.

శనివారం దాటితే తాను మంచిర్యాల పనికి పోవాలని, ఏదో ఒకటి తేల్చమని బిక్షం పొద్దున వస్తూ ఒకసారి, సాయంత్రం పోతూ ఒకసారి చెబుతున్నాడు.

తేల్చడానికి జమునకు ఒక్క నిమిషం పట్టదు. ఆమె ఎప్పుడో తేల్చుకుంది. ఆమెను అడిగినవాళ్ళే లేరు.

పెళ్ళయిన ఇరవై ఏళ్ళూ ఆమె కంపెనీ క్వార్టర్‌లోనే ఉంది. క్వార్టర్లన్నిటికీ ఒకటే రంగు. పైన పాలల్లో పసుపు కలిపినట్టుండే లేత పసుపు, కింద మూడడుగుల ఎత్తున గోధుమరంగు పట్టీ. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు బజారు నుంచి వస్తూ జమున ఇళ్ళ వరస పొరబడింది. తిన్నగా వేరేవాళ్ళ ఇంట్లోకి నడిచి, వంటింట్లో కూరగాయల సంచి దించి, మంచినీళ్ళ బిందె కోసం చెయ్యి చాచిన తర్వాత గాని అది తన ఇల్లు కాదని తెలియలేదు. ఆ సంగతి చెప్పుకుని క్వార్టర్లంతా ఏడాది పాటు నవ్వారు. జమున కూడా నవ్వింది. కానీ ఆ రోజే మనసులో ఒకటి అనుకుంది.

పునాది తీసిన రోజు ఆ మాట మొగుడితో చెప్పింది. వీరేందర్ ఆమెకు మేనత్త కొడుకే. ఓపెన్ కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు.

"లోపల ఎట్లనన్న కట్టు బావా. బయట రంగు మాత్రం నేను చెప్పినట్టు."

"సరే తియ్," అన్నాడు వీరేందర్.

లోపల నిజంగానే ఎట్లనో అట్ల కట్టారు. వంటగది ఎక్కడుండాలో వాస్తు చూసే ఆయన చెప్పాడు. మెట్లు ఎటు తిరగాలో మరిది ప్రశాంత్ చెప్పాడు. దేవుని అర్ర ఎంత ఉండాలో అత్త కనకవ్వ చెప్పింది. జమున దేనికీ అడ్డం రాలేదు. చివరికి తన వంతు వస్తుంది కదా అని ఊరుకుంది.

ఊరికే ఊరుకోలేదు కూడా. గోడలకు నీళ్ళు పట్టడానికి రోజూ సాయంత్రం నడిచి వచ్చే దారిలో నాలుగు నెలలపాటు ఇళ్ళ మొహాలే చూసింది. మధ్యాహ్నం ఓపెన్ కాస్టులో బ్లాస్టింగు అయ్యాక, గాలి ఎటుంటే అటు దుమ్ము వచ్చి కూర్చుంటుంది. తెల్ల ఇళ్ళకు ఒక్క వాన పడితే చాలు, కిటికీల కింద కాటుక కారినట్టు చారలు. రాతిలాగా గరుకుగా ఉండే టైల్స్ అతికించిన ఇళ్ళకు గీతల్లో మసి దిగిపోయి, చీపురుకూ రాదు, నీళ్ళకూ రాదు.

ఇక బట్టల సంగతి ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఇరవై ఏళ్ళు దండెం మీద ఆరేసి, సాయంత్రం దులిపి మడతపెట్టిన మనిషి. ఏ రంగు దుమ్మును చూపిస్తుందో, ఏ రంగు కడుపులో దాచుకుంటుందో ఆమె చేతులకు తెలుసు. ఆమెకొక పాత నూలు చీర ఉంది, కాల్చిన కుండ రంగుది. పొద్దంతా దండెం మీద ఉన్నా అప్పుడే ఉతికినట్టుంటుంది. గోడకు పైన ఆ రంగు, కింద నడుము ఎత్తుదాకా నున్నటి నల్ల బండలు. దుమ్ము పడితే బకెట్ నీళ్ళు కొడితే పోతుంది. ఆమె లెక్క అది. గోడ మీద నాలుగో నంబరు మచ్చ ఆమెదే.

ఆ నాలుగో నంబరును చూసి కనకవ్వ, ఇటుకల బట్టీ లెక్క ఉంటదని మూతి తిప్పింది. ఆమెకు సున్నం తెలుపూ, అంచుకు జాజు ఎరుపూ కావాలి. జైపూర్ పవర్ ప్లాంటులో పనిచేసే ప్రశాంత్, సెలవు దొరికినప్పుడల్లా బైకు మీద వచ్చి, ఇంటి ఫొటోకు ఫోన్లోనే రంగులు వేసి చూపించాడు. బూడిద రంగూ నారింజ రంగూ కలిపి వేస్తే హైదరాబాద్ విల్లాలాగా ఉంటుందని అతని పట్టుదల. నారింజ దేనికని జమున అడిగితే, "అది హైలైట్ వదినా, నీకు సమజ్ కాదు," అన్నాడు. వీరేందర్‌కేమో గరుకు రాళ్ళ టైల్స్ కావాలి, ఎక్కడో ఫంక్షన్ హాలుకు చూశాడు.

పోనీ ఆయనైనా ఒక మాట మీద ఉంటాడా అంటే, షిఫ్టును బట్టి మనసు మారుతుంది. ఫస్టు షిఫ్టు దిగి వచ్చి మిట్టమధ్యాహ్నం ఎండలో చూసి, ఆరో నంబరు బాగుందన్నాడు. మరుసటి వారం నైటు షిఫ్టు దిగి, మండే కళ్ళతో పొద్దున్నే చూసి, అసలు అన్నీ ఒకటే లెక్క కనబడుతున్నాయన్నాడు. సెకండు షిఫ్టుకు పోతూ బైకు మీది నుంచే తల తిప్పి, తొమ్మిదో నంబరుకు బొటనవేలు ఎత్తాడు. తొమ్మిది బూడిద రంగు. జమున రెండుసార్లు నాలుగో నంబరు ముందు నిలబెట్టి చెప్పింది. రెండుసార్లూ ఆయన తల ఊపి, పక్క మచ్చ వైపు జరిగాడు.

గురువారం కనకవ్వ కళ్ళు చూపించడానికి కరీంనగర్ దవాఖానకు పోవలసి వచ్చింది. పది రోజుల ముందే టోకెన్ తీసుకున్నారు, వాయిదా వేసే వీలు లేదు. వీరేందర్‌కు ఆ రోజు వారపు సెలవు. తాను లేనప్పుడు గోడ ముట్టవద్దని జమున బిక్షానికి చెప్పి, మొగుడికీ చెప్పి, అత్తను తీసుకుని పొద్దున బస్సెక్కింది.

దవాఖానలో కనకవ్వ కళ్ళలో చుక్కలు వేసి, సాయంత్రం దాకా అంతా మసక మసకగా కనబడుతుందని చెప్పి పంపారు. తిరిగి వచ్చేసరికి ఇంకా పొద్దు గూకలేదు. బిక్షం ఉన్నాడో పోయాడో చూసి పోదామని, జమున షేర్ ఆటోను కొత్తింటి దగ్గర ఆపించింది. అత్త చెయ్యి పట్టి దింపింది.

కనకవ్వ చేతిని కళ్ళకు అడ్డం పెట్టుకుని ఎదురుగా ఉన్న గోడను చూసింది.

"క్వార్టర్ కాడికే తోలుకొచ్చినవేంది బిడ్డా. కొత్తింటికి పోదామంటివి కద."

జమున తల ఎత్తింది. పదకొండు మచ్చలూ లేవు. గోడంతా పాలల్లో పసుపు కలిపిన లేత పసుపు, ఇంకా తడి ఆరలేదు. కింద మూడడుగుల ఎత్తున, దారం పట్టి గీసినట్టు, గోధుమరంగు పట్టీ.

వీరేందర్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు, బహుమతి ఇచ్చినవాడి మొహంతో. అందరి మధ్య ఈ లొల్లి తెగేటట్టు లేదని, తానే దుకాణానికి పోయాడట. దుకాణంవాడు వందల రంగులున్న పుస్తకం ముందు పెడితే, తిప్పుతూ తిప్పుతూ పోగా ఒక పేజీ దగ్గర కన్ను ఆగిపోయిందట. చూడగానే, ఎందుకో తెలియదు గాని, ఇది ఇల్లు అనిపించిందట. ఇద్దరు మనుషులను తోడు పెట్టించి పొద్దుగూకేలోపు పూర్తి చేయించాడు. బిక్షం డబ్బాలు సర్దుకుంటూ, జమున వైపు చూడకుండా, అన్న వినలేదని గొణిగాడు.

"గా పట్టీ ఎందుకు?" అంది జమున.

"వానకు కింద మట్టి చిల్లుతది కద. అందుకని."

"ఇది క్వార్టర్ రంగు బావా."

"క్వార్టర్‌ది వేరే. ఇది గంధం రంగు. పుస్తకంల పేరు కూడ గట్లనే ఉన్నది."

జమునకు కోపం వచ్చిందా అంటే, కోపానికి కూడా కొంచెం బలం కావాలి. పుస్తకంలో వందల రంగులుంటే వాటన్నిటినీ దాటుకుంటూ వెళ్ళి ఈ మనిషి మళ్ళీ అక్కడే ఎట్లా దిగాడు? ఆమె బిక్షం చేతిలోని డబ్బాలో అడుగున మిగిలిన రంగునూ, ఒక కుంచెనూ తీసుకుని అత్తతో ఆటో ఎక్కింది.

క్వార్టర్‌కు పోగానే, చీర కూడా మార్చుకోకుండా, కిటికీ పక్కన బయటి గోడకు మూరెడు పొడుగున ఆ రంగు పూసింది. క్వార్టర్లకు పోయిన నెలే కొత్తగా రంగులు వేశారు. తడి మీద కొంచెం ముదురుగా కనబడింది. ఆరనీ అనుకుని లోపలికి పోయి బియ్యం కడిగింది.

పొద్దున వీరేందర్ ఫస్టు షిఫ్టుకు టిఫిన్ డబ్బా పట్టుకుని బయటికి వచ్చేసరికి, జమున గోడ దగ్గర నిలబడి ఉంది.

"నిన్న ఈ గోడకు నీ గంధం రంగు మూరెడు పూసిన. ఎక్కడున్నదో చూపెట్టి డ్యూటీకి పో."

అదేమంత పనన్నట్టు వీరేందర్ గోడ దగ్గరికి వచ్చాడు. కిటికీకి ఈ పక్కన చూశాడు, ఆ పక్కన చూశాడు. వంగి చూశాడు. వెనక్కి నాలుగడుగులు వేసి, తల పక్కకు వంచి చూశాడు. ఒకచోట వేలితో రుద్దాడు.

"ఇక్కడ," అన్నాడు.

"కాదు."

"మరి ఎక్కడ?"

"నాకూ దొరుకుతలేదు," అంది జమున. "పొద్దటి సంది దేవులాడుతున్న."

వీరేందర్ డబ్బా అరుగు మీద పెట్టాడు. మళ్ళీ ఒకసారి గోడంతా చూశాడు. పక్క క్వార్టరును చూశాడు, దాని పక్కదాన్ని చూశాడు, వీధి చివరిదాకా చూశాడు. అన్నీ గంధం రంగే.

"ఇరవై ఏండ్ల సంది గిదే చూస్తున్న కద," అన్నాడు మెల్లగా. "కండ్లకు ఇల్లంటే గిదే అనిపిస్తుండచ్చు."

"నాకు అనిపిస్తలేదు. ఒక్కటే అడిగిన నిన్ను. ఇల్లు మొత్తంల ఒక్కటే."

ఆయన బైకు తీసి వెళ్ళిపోయాడు. డబ్బా అరుగు మీదే ఉండిపోయింది.

గంట తర్వాత బిక్షం క్వార్టర్‌కే వచ్చాడు.

"అన్న ఫోన్ చేసిండక్కా. మళ్ళ కొట్టాలన్నడు. రంగు అక్కనే అడుగు, ఇంకెవ్వల మాట వినకన్నడు. నా మాట కూడ వినకన్నడు."

జమున లోపలికి పోయి పాత నూలు చీర తెచ్చింది. అంచు దగ్గర ఎండకు వెలిసిపోయిందని, మడత లోపలి రంగు చూపించి కలిపించుకు రమ్మని చెప్పింది. చీరను చూసి గోడకు రంగు వెయ్యడం తనకు ఇదే మొదటిసారని బిక్షం అన్నాడు. అన్నాడు గాని, చీరను శుభ్రమైన కవరులో పెట్టుకుని జాగ్రత్తగా తీసుకెళ్ళాడు. తనకు జ్వరమని, రెండు రోజులు ఆగమని మంచిర్యాల వాళ్ళకు ఫోన్లో అబద్ధం కూడా చెప్పాడు. మధ్యలో ప్రశాంత్ ఫోన్ చేసి, ఇంకొక్క ఫొటో పంపిస్తానని, అది చూశాక తేల్చుకొమ్మని అన్నాడు. వదిన పెట్టేసిన ఫోన్‌తో అతను ఇంకా కాసేపు మాట్లాడుతూనే ఉన్నాడట.

గృహప్రవేశానికి రెండు రోజుల ముందు బండల పని కూడా అయిపోయింది. ఆ మధ్యాహ్నం బ్లాస్టింగు అయింది. ఎప్పటిలాగే కాసేపటికి దుమ్ము తెర ఒకటి మెల్లగా వచ్చి, ప్లాట్ల మీదుగా పోయింది. కళ్ళు బాగుపడిన కనకవ్వ మెట్ల మీద కూర్చుని గోడను చాలాసేపు చూసి, బట్టీ లెక్కనే ఉన్నదని మళ్ళీ అంది. కొంచెం ఆగి, అయితే దుమ్ము మాత్రం కనబడుతలేదని తనలో తాను అనుకున్నట్టు అంది.

వీరేందర్ షిఫ్టు దిగి నేరుగా అక్కడికే వచ్చాడు. బైకు ఆపి, నడుము మీద చేతులు పెట్టుకుని ఇంటిని చూశాడు. కింది నుంచి పైకి చూశాడు. ఈ ఇల్లు ఎవరిదో గుర్తుపట్టడానికి ఆయనకు కాస్త సమయం పట్టినట్టే ఉంది.

"మంచిగనే ఉన్నది," అన్నాడు. తర్వాత అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. "కిటికీల సుట్టు కొంచెం లేత పసుపు..."

జమున అతని వైపు చూసింది.

వీరేందర్ నోరు మూసుకున్నాడు. ఆమె పక్కనున్న బకెట్ తీసుకుని కుళాయి దగ్గరికి నడిచాడు. నీళ్ళు నింపి తెచ్చి, కింది నల్ల బండల మీద ఒక కొస నుంచి కొడుతూ పోయాడు.