వాసన వచ్చే ఫొటోలు

పొద్దున్నే వచ్చి ఆఫీసు తలుపు తీసేదీ, గది ఊడ్చేదీ, కంప్యూటర్ ఆన్ చేసేదీ అక్కే. చుట్టుపక్కల చిన్న షాపుల గురించి ఫోన్లలో, ఇంటర్నెట్‌లో నలుగురికీ తెలిసేలా చేసే డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీ అది. "ఇప్పుడు కాదులేమ్మా" అని ఎంతమంది మొహం మీదే చెప్పినా, చెప్పులరిగేలా తిరిగి దాన్ని నిలబెట్టింది. ఖాళీగా ఉంది కదా, ఫొటోలైనా తీస్తుందిలే అని చెల్లిని తెచ్చి కూర్చోబెట్టుకుంది.

చెల్లి తీసిన ఫొటోలకు వాసన వచ్చేది. బేకరీ పేజీ తెరిస్తే ఫోన్లోంచి వేడి బ్రెడ్డు వాసన. పూలకొట్టు పేజీ తెరిస్తే గదంతా గులాబీలు. జనం ఒకసారి గట్టిగా పీల్చి, చెప్పులేసుకుని షాపుకి బయల్దేరేవాళ్ళు. "ఈసారి మాడిన వాసన రాకుండా చూడమ్మా" అని బేకరీ ఆయన ఫోన్ చేసేవాడు. అంతకుమించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

మెట్లెక్కి వచ్చినవాళ్ళంతా "చిన్నమ్మాయి లేదా?" అనేవాళ్ళు. ఏ ప్రకటన ఎవరికి ఏ వేళ కనబడాలో తేల్చే అక్క వాళ్ళ ఎదురుగానే ఉండేది. "కూర్చోండి, వచ్చేస్తుంది" అని నవ్వేది గానీ కడుపులో కుతకుతలాడిపోయేది. ఇంట్లో అమ్మ కూడా "దాని చేతిలో ఏదో ఉందే" అంటూ చెల్లి కంచంలో ఇంకో గరిటె వడ్డించేది.

ఒకరోజు సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసే లారీ ఆయన వచ్చాడు. లారీ కొత్తది. పిలిచేవాళ్ళే లేరు.

"నా పని పేరెత్తడానికే జనం మొహమాటపడతారండీ. మీరూ కాదంటే లారీ అమ్మేసుకోవడమే."

చెల్లి మొహం పాలిపోయింది. "వద్దక్కా. నా ఫొటోల సంగతి తెలుసుగా."

తెలుసు కాబట్టే అక్క ఒప్పుకుంది. అందరూ ఒక్కసారి ముక్కు మూసుకుంటే చాలు, ఇక చెల్లి ఊసెవరూ ఎత్తరనుకుంది. మధ్యలో ఈ లారీ ఆయన ఏమైపోతాడన్న ఆలోచన వచ్చింది. దాన్ని పక్కకు నెట్టేసింది.

"పని పనే. మూత తెరిచినప్పుడే తియ్యి, దగ్గరగా" అంది.

అందరూ భోజనాలకు కూర్చునే వేళ చూసి మరీ ఆ ఫొటో పెట్టింది. "మీ ఇంటి వెనక ఎలా ఉందో చూసుకున్నారా?" అని కింద తనే రాసింది.

వీధంతా గగ్గోలు. జనం కంచాల ముందు నుంచి లేచిపోయారు. కింద షాపులో టైలరు మిషన్ ఆపి తిట్లు లంకించుకున్నాడు. చెల్లి మొహం కప్పుకుని మూల కూర్చుంది. ఎన్నాళ్ళకో అక్క కడుపు చల్లబడింది.

ఫోన్ మోగింది. తిట్లు తినడానికి సిద్ధపడే ఎత్తింది.

"ఆ లారీ ఆయన రేపు వస్తాడా అమ్మా? వాసన ఫోన్లోంచో మా దొడ్లోంచో తెలియక హడలి చచ్చాం. మా ట్యాంకు మూత తీసి ఎన్నేళ్ళయిందో!"

పెట్టేలోపే ఇంకోటి. ఆ వెంటనే మరోటి. కొన్నాళ్ళకే లారీకి తీరిక లేకుండా పోయింది. ఆయన మెట్లన్నీ పరుగున ఎక్కొచ్చాడు. "ఎవరిదండీ ఈ ఆలోచన?"

"అక్కది" అంది చెల్లి.

"లారీని నాకు మిగిల్చారమ్మా!" అంటూ ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నిజం చెప్పేద్దామని అక్క నోరు తెరిచింది. కానీ "కూర్చోండి, టీ తాగి వెళ్దురు" అని మాత్రం అంది.

అప్పట్నుంచి మురుగు పైపులు బాగుచేసేవాళ్ళూ, ఎలుకల్ని పట్టేవాళ్ళూ, పాత టైర్లు కొనేవాళ్ళూ అక్కతోనే మాట్లాడాలని వచ్చి కూర్చునేవాళ్ళు. చెల్లి కెమెరా పట్టుకుని పక్కన నిలబడేది.

ఓ సాయంత్రం వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక చెల్లి నవ్వుతూనే అంది, "నేను తీసిన ఫొటోయే కదా, నేనే వద్దన్నాను చూడు. ఇలాంటివన్నీ నీకే ఎలా తడతాయక్కా?"

ఆ నవ్వు కింద ఉన్నదేమిటో అక్కకు వెంటనే తెలిసిపోయింది. ఇన్నాళ్ళూ తన కడుపులో పెరిగినదే. పిల్లను దగ్గరకు తీసుకుని ఓదార్చాలనుకుంది. కానీ ఆ క్షణాన్ని అంత తొందరగా వదులుకోబుద్ధి కాలేదు.