ఏ పేరు మీద రోజా

మా మనవరాలు జైతూన్ రంజాన్ ఉపవాసం, తన మొదటి రోజా, పట్టిన నాడు నేను పొద్దుటి నుంచి ఒకచోట కూర్చోలేదు. వాకిట్లోకి పోవడం, మళ్లీ లోపలికి రావడం. ఎండాకాలం, పదేళ్ల పిల్ల, మధ్యాహ్నం దాకా బడి. కళ్లు తిరిగి పడిపోతుందేమోనని భయం. పడితే ఎందుకు పడిందని అందరూ ఆరా తీస్తారేమోనని అంతకంటే పెద్ద భయం.

మాలో పిల్లలు మొదటిసారి రోజా ఉంటే పండుగలా చేస్తారు. కొత్త బట్టలు తొడిగి, మెడలో పూలదండ వేసి, సాయంత్రం పదిమందిని పిలిచి ఖర్జూరం పంచుతారు. నేను మాత్రం తలుపు వేసుకుని ఇద్దరమే రోజా విడుద్దామనుకున్నాను. పక్కింటి సత్తమ్మకు ఆ మాట నచ్చలేదు.

"దండ కట్టుకొస్తనంటే వద్దంటవేందే మదారమ్మా? దొంగసొమ్ము తింటున్నరా, తలుపేసుకోనికి?"

"జర మెల్లగ మాట్లాడు సత్తమ్మా."

"మీరు దూదేకులోళ్లని హుస్నాబాదుల ఎరుకలేనిదెవరికే? నీ మొగడు ఏకిన పరుపు మీదనే గద నేను ముగ్గురిని కన్న!"

నవ్వొచ్చింది గానీ భయం పోలేదు. పోలీసు చర్య జరిగిన ఏడు, ముసల్మానులను పట్టుకుపోతున్న రోజుల్లో, నా ఒక్కగానొక్క కొడుకు నన్నేసాబు నాలుగు రోజుల్లో వస్తానని ఊరు దాటాడు. తొమ్మిదో ఏడు నడుస్తోంది, ఉత్తరం ముక్క లేదు. అప్పటికి జైతూన్ పాకే పిల్ల. ఆ పేరు పెట్టింది వాడే. కోడలికి నేనే మారుమనువు చేసి బోధన్ పంపించాను. బండి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. ఇక నాకు మిగిలింది ఈ పిల్ల. అందుకే బడిలో వేసేటప్పుడు పేరడిగితే నా నోట 'రాధ' అని వచ్చింది. ఆ పేరుంటే దీన్ని నా దగ్గరి నుంచి ఎవరూ తీసుకుపోరనిపించింది. ఇంట్లో జైతూన్, బడిలో రాధ. చెప్పులు విడిచినట్టు గడప దగ్గర పేరు విడవడం పిల్లకు నేనే నేర్పాను.

మధ్యాహ్నం పిల్ల బడి నుంచి వచ్చింది. పెదవులు ఎండిపోయాయి. నా వైపు చూడకుండా దూది మూటకు ఆనుకుని కూర్చుంది.

"దూపయితుందా బిడ్డా?"

"అయితుంది. గది కాదు."

"మరేంది?"

"సారు నీళ్లు తాగుమన్నడు. రోజా ఉన్న అన్న. అందరు నవ్విండ్రు. రాధకు రోజా ఏందే, రంజాన్‌కు బోనమెత్తుతవా అన్నరు."

"నువ్వేమన్నవ్?"

"ఏమనలే." మూటలోంచి దూది పీకుతూ అడిగింది. "దాదీ, గీ రోజా ఎవరి పేరు మీద పడుతది? నాదా, రాధదా?"

"అల్లాకు ఎరుకే బిడ్డా."

"అల్లాకు ఎరుకే. బాపుకెట్ల ఎరుకయితది? బాపు అచ్చి బడికాడ జైతూన్ ఏదని అడిగితే, గా పేరుతోని ఎవరు లేరంటరు గద."

నేను ఏకుతున్న దూది పక్కకు నెట్టి లేచాను.

"సారు గిప్పుడు ఐదో తరగతి కాగితాలు రాస్తున్నడు" అంది మళ్లీ. "ఒక్కపారి రాస్తే పెద్ద బడిల గూడ గదే పేరట."

చెప్పులు వేసుకున్నానో లేదో గుర్తులేదు. పిల్ల చేయి పట్టుకుని ఎండలో పడి నడిచాను. తీసుకుపోయేవాళ్లకు కనపడకూడదని దాచాను. వెతుక్కుంటూ వచ్చేవాడికీ కనపడకుండా దాచానని ఇన్నేళ్లూ తట్టలేదు. కాగితాలు రాయడం అయిపోయిందేమో, సారు ఇంటికి వెళ్లిపోయాడేమో అని అంగలు ఇంకా పెద్దవి వేశాను.

లింగమూర్తి సారు ఇంకా రాస్తూనే ఉన్నాడు. ఇళ్లకు పోని పిల్లలు నలుగురు మమ్మల్ని చూసి గుమ్మంలో చేరారు.

"సారూ, పిల్ల పేరు తప్పు చెప్పిన."

"అసలు పేరేంది?" తల ఎత్తకుండానే అడిగాడు.

మెల్లగా చెబుదామనుకున్నాను. జైతూన్ నా నోటి వైపే చూస్తోంది.

"జైతూన్‌బీ. బాపు నన్నేసాబు. దూదేకులోళ్లం, ముసల్మానులం." నా గొంతు నాకే పెద్దగా వినపడింది.

సారు కలం పక్కన పెట్టాడు. "చేర్పించిన దినమే నాకెరుకే. ఊరందరికి ఎరుకే. ఎరుకలేనట్టుండుమన్నది నువ్వే గద అవ్వా. ఇగ దరఖాస్తు రాస్త, ఏలిముద్ర ఎయ్యి."

"ఏలిముద్ర ఎందుకు? సంతకం చేస్త."

పొట్లాల కాగితాలు, ఈ పిల్ల పలక చూసి నేర్చుకున్న అక్షరాలు నావి. వంకరగానే వచ్చాయి, కానీ వచ్చాయి. సారు ఎర్ర సిరాతో రాధను కొట్టేసి పైన జైతూన్‌బీ అని రాశాడు.

"పై నుంచి హుకుం రావాలె. ఏమంటరో చూడాలె. రేపటి సంది పిలుసుడు మాత్రం గిదే పేరు" అన్నాడు.

హుకుం రాకపోతే? నాకు మళ్లీ గుబులు మొదలైంది. వెనక గుమ్మం దగ్గర జైతూన్ ఎవరితోనో అంటోంది: "అవ్, ముసల్మానులమే. దూపయితుంది గని తాగ. పొద్దుగూకినంక మా ఇంటికి రాండ్రి, కజ్జూరపండ్లిస్త."

సాయంత్రం తలుపు రెండు రెక్కలూ తెరిచిపెట్టాను. సత్తమ్మ బంతిపూల దండ వేసి, "నీ అవ్వ పిరికిది గని నువ్వు గట్టిదానవే" అని పిల్ల బుగ్గలు పుణికింది. పొద్దున నవ్విన పిల్లలంతా వచ్చి వరుసగా కూర్చున్నారు. వాళ్లలో ఒకతి, "రోజా ఉంటే దండేస్తరా? గట్లయితే రేపు నేను గూడ ఉంట" అంది.

మసీదు నుంచి అజాన్ పిలుపు వినపడింది. జైతూన్ ఖర్జూరం నోట్లో పెట్టుకుంది. నేను మాత్రం చేతిలో పండు పట్టుకుని, తెరిచిన తలుపులోంచి బస్సులు వచ్చే తొవ్వ వైపే చూస్తున్నాను.

"దాదీ, నీ రోజా విడువ్" అంది జైతూన్, వీధంతా వినపడేలా.