పదకొండు గోడల మీద అమ్మ

హైమావతి ఎడమ చెవి గడియార స్తంభం వీధిలో, చిట్టెమ్మ ఇంటి గోడ మీద ఉంటోంది. ఆ ఇంట్లో కుక్కరు ఎన్ని కూతలు వేసిందీ ఇక్కడ హైమావతికి తెలిసిపోతుంది.

చేసుకున్నదానికి ఎవరిననుకుని ఏం లాభం! ఒక్క ఫోటో అయినా దిగకుండా పోయినవాళ్లకి మొహం తయారుచేయడం ఆమె పని. కొడుకు ముక్కు, చెల్లెలి నుదురు, మనవరాలి కళ్లు కత్తిరించి, పొర మీద పొర అంటించి పటం కడుతుంది. ఏదైనా తక్కువైతే తన ఫోటోలోంచి కోసి ఇస్తుంది. అలా పదకొండు ఇళ్లకి పంచింది. ఇప్పుడు ఆ ఇళ్ల గొడవలన్నీ రోజంతా వింటూ, చూస్తూ ఉంటుంది. ప్రాణం విసిగిపోయింది.

రేపు తన అమ్మ సంవత్సరీకం. అమ్మకీ ఫోటో లేదు. "అచ్చు మీ అమ్మ పోలికే" అని అందరూ అనే మొహం హైమావతిది. తన ఫోటోలు తీసి చూస్తే అన్నీ చిల్లులే. అమ్మని ఊరంతా పంచేసింది. ఎంత పని చేశానే అనుకుంటూ కూలబడిపోతుంది.

మెల్లగా లేచి చిట్టెమ్మ ఇంటికి వెళ్తుంది.

"ఆ చెవి ఇచ్చెయ్యి చిట్టెమ్మా. రేపటికి మా అమ్మ కావాలి."

"ఎట్టా ఇచ్చేదక్కా? ఉన్నన్నాళ్లూ మా అత్త నా మాట ఒక్కటన్నా విన్నదా? ఇప్పుడు పటంలోంచి అంతా వింటంది. ఇంకేదన్నా అడుగు."

న్యాయమే అనిపిస్తుంది. కాఫీ తాగి వచ్చేస్తుంది. మిగతా పది ఇళ్ల మెట్లెక్కే ఓపిక లేదు.

చిల్లుల ఫోటోలన్నీ బల్ల మీద ఒకదానిమీద ఒకటి సర్దుతుంది. చిల్లులు కలిసిపోయి మొహమంత చిల్లు పడుతుంది. దాని కింద బల్ల లేదు. లోపలినుంచి గోంగూర ఉడుకుతున్న వాసన వస్తుంది.

"అమ్మా, నీ మొహం పంచేశానే," అని ఏడుస్తుంది హైమావతి.

"పోతే పోయిందిలే. నాకు అద్దం చూసుకునే తీరిక ఎప్పుడుండిందని? నీ మొహమే పీక్కుపోయింది. పడుకో ముందు."

చిల్లులోంచి పసుపు చెయ్యి ఒకటి పైకొచ్చి ఆమె తల నిమురుతుంది. హైమావతి కళ్లు మూతపడతాయి. ఒక్కో ఇల్లూ సద్దుమణుగుతుంది. పదకొండు పటాలూ కళ్లు మూసుకుంటాయి.

గడియార స్తంభం వీధిలో అత్తగారి పటం సన్నగా గురకపెడుతోంది. చిట్టెమ్మ కూత రాకముందే కుక్కరు దించేసి, అడుగులో అడుగేసుకుంటూ వచ్చి, పటానికి మెడదాకా దుప్పటి కప్పుతోంది.