అరువు చత్వారం

నేను ఒక కళ్ళజోడును. వెనిస్ పక్కనున్న గాజు దీవిలో పుట్టాను. మా వెనిస్‌లో పొలాలు తక్కువ, ఓడలు ఎక్కువ. కత్తి దూసేముందు మాటతో పని జరుగుతుందేమో చూడటం అక్కడివాళ్ళకు ఉగ్గుపాలతో అబ్బిన విద్య. అందులో ఆరితేరిన రాయబారి లూనార్దో కానుకల పెట్టెలో నేను ఇస్తాంబుల్ చేరాను.

అప్పటికే రేవులో ఏదో కొట్లాట జరిగి మా నావికులను చెరలో వేశారు. లూనార్దోకు దుబాసీగా పనిచేసే తొమ్మాజో సొంత తమ్ముడు కూడా వాళ్ళలో ఉన్నాడు. ఎండలు రాగానే వాళ్ళను యుద్ధనౌకల్లో తెడ్లు వేయడానికి తోలేస్తారు. అలా వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చింది తక్కువ. విడిపించగలవాడు మంత్రి ఫెర్రుఖ్ పాషా ఒక్కడే. ఆయనేమో అర్జీని చేయి చాచి దూరంగా పట్టుకుని చూసి, “చూద్దాంలే” అంటూ దిండు కింద పెట్టేసేవాడు.

“లంచం కోసమేనండీ ఈ నాటకం! గట్టిగా నిలదీయండి,” అన్నాడు తొమ్మాజో.

“లంచం కాదయ్యా, చత్వారం. పాపం, ఆయనకు అక్షరం ఆనడం లేదు. ఇంకొకరితో చదివించుకున్నాడో, మర్నాడే పదవి ఊడుతుంది.”

నన్ను నిండు సభలో కానుకగా ఇస్తే ఆ సంగతి దండోరా వేసినట్టే. అందుకని లూనార్దో, డేగకళ్ళ మనిషి, నన్ను తానే పెట్టుకుని దర్బారుకు రాసాగాడు. నాలోంచి ఆయనకు లోకమంతా మసక. మెట్ల మీద తూలాడు. ఒకసారి స్తంభానికి వినయంగా వంగి సలాము చేశాడు. సభ విరగబడి నవ్వింది. నాకైతే ఆయన మీద గౌరవం కొండంత పెరిగింది. చివరికి ఒకరోజు నన్ను పాషా దిండు పక్కన “మరిచిపోయి” వెళ్ళాడు.

పాషా తలుపు గడియ వేసుకుని నన్ను పెట్టుకున్నాడు. దిండు కింది అర్జీలన్నీ ఆబగా చదివాడు. వారం తిరక్కుండా నావికులు విడుదలయ్యారు.

“మీ జోడు ఇక్కడే ఉండిపోయింది,” అన్నాడు తర్వాత లూనార్దోతో, మెల్లగా.

“అది నాకు సరిపడలేదు ప్రభూ. వేరేది తెప్పించుకున్నాను.”

ఆ మాట నిజమనిపించడానికి పాపం లూనార్దో, కొలువు ముగిసేదాకా వేరే జోడుతో తూలుతూనే ఉన్నాడు.

తిరిగెళ్ళిన రాయబారి పరాయి మంత్రుల లొసుగులన్నీ పెద్దల సభకు విప్పి చెప్పడం వెనిస్ ఆచారం; పాషా చత్వారం సంగతీ చెప్పాల్సిందే. కొన్నాళ్ళకు కొత్త రాయబారి వెంట మరో అర్జీ పట్టుకుని తొమ్మాజో వచ్చాడు. లూనార్దో క్షేమమేనా అని పాషా అడిగాడు.

“ఇంట్లోనే ఉంటున్నారండి. చూపు ఆననివాడికి రాయబారమేమిటని మా పెద్దలు పక్కన పెట్టేశారు. ఆయన మాత్రం కిక్కురుమనలేదండి.”

పాషా నడికట్టులోంచి నన్ను పైకి తీశాడు. నిండు దర్బారు చూస్తుండగా ముక్కు మీద పెట్టుకుని, “ఇలా ఇవ్వు ఆ అర్జీ,” అన్నాడు.