మీటర్లో ఎవరి కిలోమీటర్లు?

ఫోనులో ఆ మాట వినగానే కోడలు ఆఫీసు మెట్ల మీదే ఆగిపోయింది.

"మీ అత్తగారికి ఇప్పట్లో ఆపరేషన్ మాటే అక్కర్లేదండీ!" అంటోంది ఫిజియోథెరపిస్టు. "పొద్దున పరీక్ష చేశాను. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచారు. మోకాళ్ళు ఎంత బాగా వంగుతున్నాయో! రోజూ మీటరు చూసి కార్డు నింపారు చూడండీ, ఆ పుణ్యమంతా మీదే. మీ కార్డు గోడకి అంటించేశాను, వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నా."

అత్తగారు ముప్పై ఏళ్ళుగా బట్టలు కుడుతున్న మనిషి. ఆరు వారాల కిందట ఆవిడ మిషను ముందు నుంచి లేవాలంటే ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చేది. అరిగిన మోకాళ్ళు దారికి రాకపోతే ఆపరేషనే, కుట్టుపని మాట మరిచిపోవడమే అన్నారు. అప్పటికి పెళ్ళయి నెలైనా నిండని కోడలు, ఉన్నచోటే తొక్కే సైకిలొకటి తెప్పించి గదిలో గోడవారగా పెట్టించింది. రోజుకి ఇరవై నిమిషాలు. సాయంత్రం ఇంటికి రాగానే మీటరు చూసి కార్డులో రాసుకోవడం ఆమెకి అదో ముచ్చట.

ఇంత సంతోషం ఫోనులో చెప్పేస్తే ఏం బావుంటుంది? సగం రోజు సెలవు పెట్టి, ఐస్‌క్రీము డబ్బా కొనుక్కుని, ఇంటికి పరిగెత్తింది. గది తలుపు తోసింది.

సైకిలు మీద మావగారు! బనియను తడిసి ముద్దయింది.

"మావయ్యా! మీరా?"

ఆయన తేలు కుట్టిన దొంగలా చూశాడు. కాళ్ళు మాత్రం ఆగలేదు. "ఇంకో నాలుగు నిమిషాలుందమ్మా."

"రోజూ మీరేనా?"

"రెండ్రోజులు తొక్కింది మీ అత్తయ్య. గోడ చూస్తూ తొక్కడం నా వల్ల కాదంది."

కోడలికి పోయినవారం అత్తగారు ఆయన ప్యాంట్లన్నీ నడుం దగ్గర రెండంగుళాలు బిగించి కుట్టడం గుర్తొచ్చింది. పొట్ట కరిగింది ఈయనది. మరి ఆవిడ మోకాళ్ళెలా వంగాయి? విన్న శుభవార్త కూడా అబద్ధమేనా?

బయట ట్రింగుమని గంట మోగింది. కోడలు కిటికీలోంచి తొంగి చూసింది. అత్తగారు! నిజం సైకిలు మీద! వెనక కుట్టాల్సిన బట్టల మూట కట్టుకుని వచ్చి, ఎవరి సాయమూ లేకుండా దిగింది. కోడలు డబ్బా అక్కడే పెట్టేసి బయటికి పరిగెత్తింది.

"అత్తయ్యా! పడితేనో?"

"పడ్డా, రెండుసార్లు. నీకు చెబితే పంపిస్తావా?" మూట విప్పుతూ అంది ఆవిడ. "చిన్నప్పుడు తొక్కినదాన్నే. సీటు ఎత్తు చేయించా, చదునుగా ఉన్న దార్లోనే పోతా. మీటరు తిరక్కపోతే నీ మొహం చిన్నబోతుందని ఈయన్ని ఎక్కించా."

కోడలు ఫిజియోకి ఫోను చేసి, స్పీకరు పెట్టి, ఉన్నదంతా చెప్పేసింది.

"రోడ్డు మీదా? ఆవిడా?" అంది ఫిజియో. "నేను చూసింది ఆవిడ మోకాళ్ళనే, మీటర్ని కాదు. కాబట్టి ఆపరేషన్ అక్కర్లేదన్నది నిజమే. కానీ ఇంకోసారి పడితే మొదటికే మోసం! రేపు పదింటికి సైకిలుతో సహా తీసుకురండి, సీటు ఎత్తు చూడాలి. ఈ కార్డు పీకేస్తున్నా."

"పీకొద్దని చెప్పు," అంది అత్తగారు. "పేరు మారిస్తే చాలు. రేపు నేను నా సైకిలు మీదొస్తా, నువ్వు మీ మావయ్యని బస్సెక్కించుకుని రా."